ఆరు గుర్రాల బండి

ఆరు గుర్రాల బండి అనగానే చదువరులకు ఏ మహారాజావారి దసరా ఊరేగింపో, ఏ పౌరాణిక చిత్రంలోని రథమో కళ్ళముందు మెదిలితే ఆశ్చర్యం లేదు. మా బండి సంగతి వేరు. దీనికి గుర్రాలు కట్టరు. గుర్రాలే ఇందులో ఎక్కి ప్రయాణం చేస్తాయి. లాగేది ఒక డీజిలు ట్రక్కు. తోలేది నేను. నాకు అరవై అయిదేళ్ళు, ఇద్దరు మనవలు. చీర కుచ్చెళ్ళతో ఆ ట్రక్కు మెట్టు ఎక్కడం సాధ్యం కాదు గనక, బండి కట్టే రోజున పంట్లాము తొడుక్కుంటాను.

మేముండేది అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలో, డల్లాస్ నగరానికి ఉత్తరాన. ఇరవై ఆరేళ్ళు ఆసుపత్రి లేబరేటరీలో రక్తపరీక్షలు చేసి, 2016 లో ఉద్యోగం చాలించుకున్నాను. ఊరికే కూర్చోలేక, ఇక్కడికి రెండు గంటల దూరంలో ఉన్న ఒక జంతు శరణాలయానికి వారానికోసారి వెళ్ళి లద్దె ఎత్తడం మొదలుపెట్టాను. ముసలివి, కుంటివి, గుడ్డివి, యజమాని చచ్చిపోతే దిక్కు లేకుండా పోయినవి — అలాంటి గుర్రాలూ గాడిదలూ అక్కడ బతుకుతాయి. “గుడ్డి గుర్రానికి పళ్ళు తోమడం” అని మనవాళ్ళు పనికిమాలిన పనిని వెక్కిరిస్తారు. మావారు ఆ మాట అనకముందే నేనే చెప్పేశాను: అక్కడ నిజంగా గుడ్డి గుర్రాలకు పళ్ళు తోముతారండీ అని. గుర్రం పళ్ళు జీవితమంతా కొద్దికొద్దిగా పైకి వస్తూనే ఉంటాయి. నమలడంలో సమంగా అరగక అంచులు కత్తుల్లా తయారై బుగ్గల్ని కోస్తాయి. ఏడాదికోసారి డాక్టరు ఆకురాయితో రాకి సాపు చెయ్యకపోతే, గడ్డి ఎదురుగా ఉన్నా నమలలేక చిక్కిపోతుంది.

2017 ఆగస్టు 25 న హార్వే తుపాను టెక్సాస్ తీరాన్ని తాకింది. హ్యూస్టన్ చుట్టుపక్కల ఊళ్ళు నీళ్ళలో నిలబడ్డాయి. గుర్రాలు కడుపుల దాకా నీళ్ళలో ఉన్నాయి. మా శరణాలయంలో ఆనాడు చోటు ఉంది, గడ్డి ఉంది, చూసే మనుషులున్నారు. లేనిదల్లా వాటిని తీసుకొచ్చే బండి. ఉన్న ఒక్క చిన్న బండీ రెండేసి గుర్రాల చొప్పున తిరిగి తిరిగి వచ్చేది. ఒకరి బండిలో సాయంగా కూర్చుని నేనూ మూడుసార్లు వెళ్ళి వచ్చాను. పశువుల మీద దయ ఉన్నవాళ్ళు దేశంలో చాలామందే ఉన్నారనీ, బండి ఉన్నవాళ్ళే తక్కువనీ ఆ వారంలో నాకు బోధపడింది. మరుసటి ఏడు వసంతంలో, నేను దాచుకున్న సొమ్ములోంచి తీసి, పాత బండి ఒకటి కొన్నాను.

దాని వైభవం కాస్త వర్ణించాలి. పెట్టె పొడవు ఇరవై నాలుగు అడుగులు. ముందు భాగం బాతు మెడలాగా పైకి వంగి ట్రక్కు వెనకతొట్టిలోకి వస్తుంది. అంచేత దీన్ని ‘గూస్‌నెక్’ అంటారు. తొట్టి మధ్య, సరిగ్గా వెనక ఇరుసు మీదికి వచ్చేటట్లు, చిన్న మామిడికాయంత ఇనపగుండు బిగించి ఉంటుంది. యావత్తు బండీ దానికి తగులుకుని వస్తుంది. చిన్న బండ్లను ట్రక్కు తోకకు తగిలిస్తారు. పెద్దవాటికి అలా చేస్తే వెనక గుర్రాలు అటూ ఇటూ ఒరిగినప్పుడల్లా ట్రక్కు తోక ఊగుతుంది. బరువు ఇరుసు మీద పడితే ఆ బెడద తక్కువ. లోపల అడ్డ తలుపులతో మూడు గదులు, గదికి రెండు గుర్రాలు. ట్రక్కూ బండీ కలిపి సుమారు యాభై అడుగులు. గుర్రం సగటున వెయ్యి పౌన్లు, అంటే నాలుగువందల యాభై కిలోలు తూగుతుంది. ట్రక్కు, బండి, ఆరు గుర్రాలు, నీళ్ళు, గడ్డి అన్నీ కలిపితే తొమ్మిది టన్నుల పైమాటే.

దీనికి మామూలు కారు లైసెన్సు చాలదు. ట్రక్కూ బండీ మొయ్యదగిన బరువు కలిపి 26,000 పౌన్లు దాటి, అందులో బండి వంతు 10,000 దాటితే, టెక్సాస్‌లో కిరాయికి తోలకపోయినా ‘ఎ’ తరగతి లైసెన్సు ఉండాలి. ఆ పరీక్షకు నాలుగు నెలలు చదివాను. ముందుకు తోలడం పెద్ద విద్య కాదు, మలుపుల దగ్గర బండి ట్రక్కు వెంట రాక లోపలికి కోసుకు వస్తుందని గుర్తుంచుకుంటే చాలు. వెనక్కి తోలడం ఉంది చూశారూ, అది వేరే శాస్త్రం. చక్రం కుడికి తిప్పితే బండి ఎడమకు పోతుంది. చక్రాన్ని అడుగున పట్టుకుని చెయ్యి ఎటు జరిపితే బండి వెనకభాగం అటు పోతుందని ఒక ముసలి డ్రైవరు చెప్పాక గాని నాకు ఆ కిటుకు పట్టుబడలేదు. ఆదివారాల్లో ఖాళీగా ఉండే ఒక పెద్ద కారుల మైదానంలో మావారు చేతులూపుతూ ఉంటే, నేను మజ్జిగచెంబు మీద చెంబు తాగుతూ సాధన చేసేదాన్ని.

“ఏమోయ్, రిటైరయ్యాక అందరూ కాశీ వెడతారు. నువ్వు లారీ డ్రైవరు పనిలో చేరావు” అన్నారాయన.

“కాశీకి మాత్రం ఎవరో ఒకరు తోలాలి గదండీ” అన్నాను.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆయన అడ్డు చెప్పలేదు. లెక్కల మనిషి గనక ఒక నోటుపుస్తకం తెరిచారు. తేదీ, మైళ్ళు, డీజిలు, ఎన్ని జంతువులు — నాలుగు గళ్ళు. బరువుతో వెడితే ఈ ట్రక్కు గ్యాలను డీజిలుకు పది మైళ్ళు రావడం గగనం. ధర్మకార్యానికి తోలిన మైలుకు పద్నాలుగు సెంట్లు ఆదాయపు పన్ను లెక్కలో చూపుకోవచ్చని ప్రభుత్వం వారు సెలవిచ్చారు. “దీంతో టైర్లకు గాలి కొట్టించుకోవచ్చు” అని ఆయన వ్యాఖ్య.

పెద్ద బండి ఉన్నదని తెలిసిన మరుక్షణం ఊళ్ళో స్నేహితులు పెరిగారు. ఇల్లు మారేవాళ్ళు సోఫాలకోసం అడిగారు. ఉగాది వేడుకలకు స్టేజి సామాను మొయ్యమన్నారు. ఒకసారి మోసి పెట్టాను. ఎంత కడిగినా పోని వాసన ఒకటి ఉంటుందని తెలుసుకుని మళ్ళీ అడగలేదు. ఇక పెళ్ళిళ్ళ సంగతి. ఉత్తరాదివారి బారాతు మోజు మనవాళ్ళకూ పట్టుకుంది. “పిన్నిగారూ, మావాడి పెళ్ళికి మీ తెల్లగుర్రం ఒక్క గంట పంపుదురూ” అని ఫోను. అది ముప్ఫై ఏళ్ళ ముసలిదమ్మా, ముందు దాన్ని నలుగురు మొయ్యాలి అని చెప్పి తప్పించుకున్నాను.

తిరిగే బండికన్నా నిలబడ్డ బండికి చాకిరీ ఎక్కువ. గుర్రపు మూత్రం నేల చెక్కల్ని తినేస్తుంది. పైన రబ్బరు పరుపులుంటాయి గనక కింద కుళ్ళింది కనిపించదు. ప్రతి మూడు నెలలకూ ఒక్కొక్కటి వంద పౌన్లుండే ఆ పరుపులు పక్కకు లాగి, ప్రతి చెక్కనూ స్క్రూడ్రైవరుతో పొడిచి చూడాలి. మొన దిగబడితే చెక్క మార్చవలసిందే. వేగంగా పోయే బండిలో చెక్క విరిగి గుర్రం కాలు రోడ్డుకు తగిలితే ఏమవుతుందో ఊహించుకోకండి. టైర్లు చూడటానికి కొత్తవాటిలా ఉన్నా ఎండకు లోపల్లోపలే బీటలు తీస్తాయి. ప్రతి టైరు పక్కనా నాలుగంకెలు అచ్చువేసి ఉంటాయి. మొదటి రెండూ తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం. అయిదేళ్ళు దాటిన టైరును నేను నమ్మను. బండి ఊడిపోతే దానంతటదే బ్రేకు పడేటందుకు ఒక చిన్న బ్యాటరీ ఉంటుంది. దాన్ని బయలుదేరే ముందు ప్రతిసారీ లాగి చూస్తాను. ఆసుపత్రిలో ఇరవై ఆరేళ్ళు ప్రతి సీసా మీదా పేరు రెండుసార్లు చదివిన అలవాటు ఎక్కడికి పోతుంది?

ఇంత అవస్థ ఎందుకంటే, గుర్రానికి ఈ దేశంలో ముసలితనం మంచిది కాదు. ఇక్కడివారు గుర్రపు మాంసం తినరు గాని, కొన్ని దేశాల్లో తింటారు. వారికోసం కోసే ఆఖరి మూడు కబేలాలు — రెండు టెక్సాస్‌లో, ఒకటి ఇల్లినాయిలో — 2007 లో మూతపడ్డాయి. టెక్సాస్‌లో 1949 నాటి చట్టం ఒకటి అంతకాలమూ నిద్రపోయి, అప్పుడు లేచి పనిచేసింది. మంచిదేగదా అనుకుంటాం. కాని కబేలా మూతపడితే బేరం మూతపడలేదు. ముసలి గుర్రాలు లారీలెక్కి మెక్సికోకూ కెనడాకూ పోవడం పెరిగింది. దగ్గర్లో తెగవలసిన తల వందలాది మైళ్ళు ప్రయాణం చేసి తెగుతోంది, అంతే తేడా. వారాంతపు వేలంలో ఆ బేరగాళ్ళు ఒక పక్కన కూర్చుంటారు. ఏ రైతుకూ, ఏ పిల్లల సవారీబడికీ అక్కరలేనిది వాళ్ళ పాలవుతుంది.

శరణాలయాలు ఇక్కడ కొత్త కాదు. అమెరికాలో గ్రాండ్ కాన్యన్ అనే మహా లోయ ఉంది గదా, అక్కడి అడవిగాడిదల్ని కాల్చివేయాలని ఉద్యానవనం అధికారులు తలపెడితే, క్లీవ్‌లాండ్ ఏమరీ అనే రచయిత పూనుకుని, వందలాది గాడిదల్ని హెలికాప్టర్లకు వేలాడదీయించి పైకి చేర్పించాడు. వాటికోసం 1979 లో తూర్పు టెక్సాస్‌లో మర్చిసన్ అనే ఊరి దగ్గర స్థలం కొన్నాడు. ఆనా సూయెల్ 1877 నాటి నవలలోని గుర్రం పేరిట దాన్ని బ్లాక్ బ్యూటీ రాంచ్ అన్నారు. ఇప్పటికీ ఉంది. హెలికాప్టరు నుంచి దింపాక ఆ గాడిదల్ని అక్కడికి చేర్చినవి మాత్రం మా బండిలాంటి బండ్లే. పత్రికల్లో హెలికాప్టరు బొమ్మలే పడతాయి.

ఇహ 2023 జూలై ప్రయాణం గురించి చెబుతాను.

ఉత్తర టెక్సాస్‌లో ఒక వేలం దొడ్డి. మా శరణాలయం నడిపే ఆవిడకు ఒక నియమం ఉంది: బేరగాడు కొన్నాక వాడి దగ్గర విడిపించదు. వాడి చేతిలో లాభం పెడితే మరునాడు మరో రెండు కొంటాడు గదా. వేలంలోనే వాడికి పోటీగా పాడుతుంది. ఆ శుక్రవారం రాత్రి అలా అయిదు పాడింది. అందులో ఒకటి గుడ్డి మగగుర్రం. ఒంటినిండా మచ్చలున్న ఆపలూసా జాతి. కంట్లో మాటిమాటికీ వాపు వచ్చి చూపు పోయే జబ్బు ఆ జాతికి ఎక్కువ. చంద్రుడి కళలతో వచ్చిపోతుందని పూర్వం దీన్ని ‘చంద్రాంధత్వం’ అనేవారు. మేము దాన్ని బయటికి తేబోతే, పక్క కొట్టులో ఒక గోధుమరంగు ఆడగుర్రం కమ్మీలను రొమ్ముతో గుద్దుతూ సకిలించింది. గుడ్డిది ఆ వైపే తల తిప్పి కదలనంది. రెండూ ఒకే ఇంటినుంచి వచ్చాయట. వేలంలో మాత్రం విడివిడిగా పోయాయి. ఆడగుర్రం బేరగాడికి పోయింది.

ఆవిడ పది నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. తరువాత వెళ్ళి వాడికి డబ్బు ఇచ్చి వచ్చింది. ఎంత ఇచ్చారని నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. నియమం సంగతి ఆవిడకు నాకన్నా బాగా తెలుసు.

ఆ రాత్రే మావారికి ఫోనులో చెబితే ఆయన అప్పుడే నామకరణం చేసేశారు: “ధృతరాష్ట్రుడూ గాంధారీ.” గాంధారి కాదండీ అన్నాను. ఆవిడ కళ్ళకు గంతలు కట్టుకు కూర్చుంది. ఇది అన్నీ చూసి చెబుతోంది. సంజయుడి ఉద్యోగం.

శనివారం ఉదయం తొమ్మిదింటికల్లా దొడ్డి ఖాళీ చెయ్యాలి. మధ్యాహ్నానికి నూటనాలుగు డిగ్రీల ఎండ అని రేడియో చెప్పింది. అంచేత తెల్లవారుజామున అయిదింటికి ఎక్కించడం మొదలుపెట్టి, ఎండ ముదిరేలోపల నూట తొంభై మైళ్ళు దాటేయాలని మా పథకం. ముందు కాగితాలు: గుర్రాలకు దోమల్లాంటి ఈగలవల్ల అంటుకునే ఒక రక్తరోగం ఉంది. దానికి మందు లేదు. డాక్టరు లెరాయ్ కాగిన్స్ 1970 ప్రాంతంలో కనిపెట్టిన పరీక్షతో పట్టుకుంటారు. ఆ కాగితం లేని గుర్రం నా బండి ఎక్కదు. లేబరేటరీ మనిషిని గదా, సంతకాలూ తేదీలూ లాంతరు వెలుతురులో నేనే చదివాను.

గుర్రాన్ని బండి ఎక్కించడమే ఈ పనిలో అసలు సిసలు కష్టం. గుర్రానికి కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి. తన చుట్టూ దాదాపు అంతా చూస్తుంది గాని, సరిగ్గా ముక్కు ముందూ తోక వెనకా కనపడదు. వెలుతురులోంచి చీకట్లోకి చూపు సర్దుకోవడానికి మనకన్నా ఆలస్యం అవుతుంది. అటువంటి ప్రాణికి ఇనపగుహ చూపించి, కాలు పెడితే డబడబమని మోగే నేలమీదికి ఎక్కమంటున్నాం. పైగా క్రితంసారి ఇలాంటి గుహ ఎక్కినప్పుడే దాని ఇల్లూ వాకిలీ పోయాయి. అది మొండిగుర్రం అంటారు. నాకైతే జ్ఞాపకశక్తి ఉన్న గుర్రం అనిపిస్తుంది. లోపల దీపాలన్నీ వేసి, కిటికీలు తెరిచి, తాడు వదులుగా పట్టుకుని నిలబడతాను. వెనక్కి లాగితే తాడు బిగుస్తుంది, ముందుకు ఒక్క అడుగు వేస్తే ఆ క్షణంలోనే వదులవుతుంది. ఆ వదులు చెయ్యడం ఆలస్యమైతే పాఠం పోయినట్టే. గుంజేవాళ్ళకు బలం ఉంటుంది గాని, గుర్రంతో బలపరీక్షలో నెగ్గిన మనిషిని నేను చూడలేదు.

మొదటి నాలుగూ అరగంటలో ఎక్కాయి. అందులో ఒకటి ఎర్రగుర్రం, తోలుకప్పిన ఎముకల గూడు. టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో డాన్ హెనెక్ అనే ఆయన గుర్రం ఒంటికండకు ఒకటి నుంచి తొమ్మిది దాకా మార్కులు వేసే పద్ధతి 1983 లో ప్రకటించాడు. దానికి ఇక్కడ అందరూ ‘ఒకటి’ వేశారు. అంతకన్నా తక్కువ మార్కు లేదు. చిన్నప్పుడు బెజవాడ స్టేషను దగ్గర జట్కాలకు కట్టిన గుర్రాల పక్కటెముకలు నేను లెక్కపెట్టేదాన్ని. అవి దీనిముందు పహిల్వాన్లు.

గుడ్డిది అయిదోది. గొంతు వింటూ, చెక్క చప్పుడు వింటూ, ఒక్కొక్క గిట్టే ఆనించి చూసుకుంటూ నెమ్మదిగా లోపలికి వచ్చేసింది. ఇహ ఆడగుర్రం. గుమ్మం దాకా వచ్చి ఆగింది. ముందు కాళ్ళు రెండూ పెట్టింది, తీసేసింది. మళ్ళీ పెట్టింది, ఈసారి వెనకకాళ్ళ మీద లేచింది. లోపలినుంచి గుడ్డిది కేకలు వేస్తూ గోడల్ని తన్నడం మొదలెట్టింది. ఆరున్నర అయింది. ఏడు అయింది. దొడ్డి కుర్రాడొకడు కరెంటు కర్ర పట్టుకొచ్చి “ఒక్కటి తగిలిస్తే దూకుతుంది” అన్నాడు. “తగిలిస్తే నిన్ను ఎక్కిస్తాను” అంది మా ఆవిడ. ఏడున్నరకు తూర్పున ఎండ చురుక్కుమంటోంది.

దొడ్డి ఊడ్చే మెక్సికో ముసలాయన చీపురు ఆనించుకుని అంతసేపూ చూస్తూ ఉన్నాడు. ఆయన ఇంగ్లీషు నా స్పానిషులాంటిదే. చేత్తో చూపిస్తూ చెప్పాడు: రెండు రోజులుగా చూస్తున్నాను, ఆడది ముందు నడుస్తుంది, మగది దాని తుంటికి ముక్కు ఆనించి వెనక నడుస్తుంది. మీరు తిరగేసి ఎక్కిస్తున్నారు.

గుడ్డిదాన్ని కిందికి దింపాం. దింపడం అంత తేలికేమీ కాదు, అదో పావుగంట. ఆడగుర్రం వెనక నిలబెట్టాం. అది మెడ చాచి తుంటి వెతుక్కుని ముక్కు ఆనించింది. ఆడగుర్రం ఒక్కసారి ఒళ్ళు దులుపుకుని, ఏదో మరిచిన పని జ్ఞాపకం వచ్చినట్టు, గుమ్మం ఎక్కి లోపలికి నడిచింది. వెనకే ఇది. నేను తలుపు గడియ వేసేసరికి ఎనిమిదీ పది. ముసలాయనకు చెయ్యి కలిపితే ఆయన టోపీ తీశాడు.

నేను తోలేటప్పుడు డాష్‌బోర్డు మీద నిండు గ్లాసు నీళ్ళున్నట్టు ఊహించుకుంటాను. మీరు బ్రేకు వేస్తే మీకు సీటు ఉంది, పట్టీ ఉంది. గుర్రానికి నాలుగు కాళ్ళే. తలలు పైకి కట్టి తీసుకుపోతే, దుమ్మూ శ్లేష్మమూ కిందికి కారే దారి లేక ఊపిరితిత్తులకు జబ్బు చేస్తుంది. అంచేత నేను కట్టను. ఎండలో నడుస్తున్న బండికి గాలి ఉంటుంది. ఎండలో ఆగిన బండి పెనం.

తొమ్మిదీ నలభైకి ఆగవలసి వచ్చింది. రోడ్డుమీద పడి ఉన్న ఏదో ఇనపముక్క కుడివైపు వెనక టైరును చీల్చేసింది. తుపాకీ పేలినట్టు చప్పుడు. ఇలాంటప్పుడు కాలు బ్రేకు మీదికి పోకూడదు. యాక్సిలరేటరు మెల్లిగా వదిలి, చక్రం నిటారుగా పట్టుకుని, బండిని దానంతటదే నెమ్మదించనివ్వాలి. అలాగే పక్కకు తెచ్చి నిలిపాను. లారీలు జుయ్యిమంటూ పోతున్నాయి. ఆ పక్కన గుర్రాల్ని దింపే ప్రశ్నే లేదు. అదృష్టవశాత్తు మా దగ్గర మెట్లమెట్లుగా ఉండే దిమ్మె ఒకటి ఉంటుంది. జంట చక్రాల్లో బాగున్నదాన్ని దాని మీదికి ఎక్కిస్తే, చెడింది గాలిలోకి లేస్తుంది. గుర్రాలు లోపలే ఉండగా మార్చవచ్చు. శరణాలయం కుర్రాడు ఆ పనిలో పడ్డాడు. వాడికి అరగంట పట్టింది.

ఆ అరగంట లోపల వేడి నూటరెండు దాటింది. నేనూ మా ఆవిడా కిటికీల్లోంచి బాల్చీలు అందించాం, మెడలమీదా రొమ్ములమీదా నీళ్ళు పోశాం. ఎర్రగుర్రం నీళ్ళు ముట్టలేదు. మోకాళ్ళు వణికాయి. గోడకు ఒరిగింది. కదులుతున్న బండిలో పడిపోయిన గుర్రాన్ని లేపడం దాదాపు అసాధ్యం, పక్కదాని కాళ్ళకింద పడుతుంది. ఎవరో కుర్రవాడు, పద్ధెనిమిదేళ్ళుంటాయేమో, దాటిపోయినవాడల్లా తరువాతి మలుపులో తిరిగి వచ్చి నాలుగు సంచుల ఐసు దింపాడు. “మా తాతకు గుర్రాలుండేవి” అన్నాడు, మరి నిలబడలేదు. ఐసు గుడ్డలో కట్టి ఎర్రదాని మెడ నరాలమీద పెట్టి పట్టుకున్నాం. మధ్య గదిలో ఆడగుర్రం తన తోకతో గుడ్డిదాని మొహం మీద ఈగలు తోలుతూ నిలబడింది. అయిదు నిమిషాలయ్యాక ఎర్రది నా చేతిలో బాల్చీలో మూతి పెట్టింది.

పన్నెండూ యాభైకి శరణాలయం గేటు దాటాం. ఎర్రది తన కాళ్ళమీదే దిగింది.

చదువరుల్లో కొందరు, పాపం దానికి కడుపునిండా దాణా పెట్టి ఉంటారనుకుంటారు. పెడితే చంపినట్టే. ఆకలితో ఎండిన ఒంట్లోకి గింజలు ఒక్కసారిగా పోతే, రక్తంలోని లవణాలు తారుమారై నాలుగైదు రోజుల్లో గుండె ఆగుతుంది. లూసర్న్ జాతి ఎండుగడ్డి, పౌను చొప్పున, నాలుగు గంటలకోసారి, రాత్రీ పగలూ. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖవారు తేల్చిన పద్ధతి ఇది. అర్ధరాత్రి రెండు గంటల వంతు నాది. చేతిలో పౌను గడ్డితో వెడితే అది పళ్ళతో నా జేబు లాగి వెతికేది. అంత ఆకలికి అంతే పెట్టి వెనక్కి రావడం కష్టమే.

ఆరో రోజున పడుకుంది, లేవలేదు. నడుముకు పట్టీలు వేసి పదిమందిమి లేపితే గంట నిలబడి మళ్ళీ పడింది. ఏడో రోజు ఉదయం డాక్టరుగారు సూదిమందు ఇచ్చి పంపించేశారు. చెట్టు నీడ ఉంది. పచ్చిక ఉంది. తల నా ఒళ్ళో ఉంది.

ఇంటికి వచ్చాక మావారు నోటుపుస్తకం తీశారు. మైళ్ళు రాశారు, డీజిలు రాశారు. నాలుగో గడి దగ్గర కలం ఆపి, “అయిదా, ఆరా?” అని అడిగారు.

“ఆరు తెచ్చాను. ఆరే రాయండి.”

రాశారు.

వేలం దొడ్డి నుంచి వచ్చాక బండి కడగడం ఒక పూట పని. గుర్రాలకు గొంతుకింద గడ్డలు కట్టే అంటురోగం ఉంది గనక, కొత్తవాటిని కొన్ని వారాలు విడిగా ఉంచుతారు, బండిని పైనుంచి కిందిదాకా శుద్ధి చెయ్యాలి. ముందు లద్దె పూర్తిగా పోవాలి, తరువాత సబ్బునీళ్ళు, ఆ తరువాతే మందు. మురికిమీద మందు పోస్తే మురికి మందును తినేస్తుంది. ఆసుపత్రిలో చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టిన మాటే ఇక్కడా చెబుతున్నాను. ఆసారి మధ్యగది నేలలో ఒక చెక్కకు స్క్రూడ్రైవరు పావంగుళం దిగింది. మూడు చెక్కలు మార్పించాను.

గుడ్డిదీ ఆడగుర్రమూ ఇప్పుడు చెరువు పక్క మేతబీడులో ఉంటాయి. ఆడగుర్రం మెడలో చిన్న గంట కట్టారు. అది ఎటు పోతే గుడ్డిది అటు. మొన్న దానికి పళ్ళు తోమించాం.

వచ్చే శుక్రవారం మళ్ళీ ప్రయాణం. యజమానురాలు కాలం చేసిన ఒక ఇంటినుంచి నాలుగు గాడిదల్ని తేవాలి. గాడిదల్ని ఎక్కించడం గుర్రాలకన్నా తేలికా కష్టమా అని మావారు అడిగారు. జవాబు చెప్పకుండా రెండు పూటలకు సరిపడా పులిహోర కలిపి పెట్టుకున్నాను.